84 అని పడగానే

మంగళవారం రాత్రి ఎనిమిదిన్నర దాటాక మెషీన్ మీద 84 అని పడింది. అంతకు ముందు నిమిషం దాకా 148, 151, 146 అంటూ ఆడుతున్న అంకె అది. భీమవరంలో ఒక నర్సింగ్ హోమ్, మేడ మీద చివరి గది. నా భార్య ఎడమవైపు ఒత్తిగిలి పడుకుంది. పొట్ట మీద రెండు బెల్టులు, వాటి కింద అరచేతిలో పట్టేంత రెండు బిళ్లలు, ఆమె చేతిలో కాలింగ్ బెల్లు లాంటి ఒక బటన్. అప్పటిదాకా గుర్రం దౌడు తీస్తున్నట్టు వినిపించిన చప్పుడు ఒక్కసారిగా నెమ్మదించింది. నేను వరండాలోకి పరిగెత్తి అరిచాను.

సిస్టరమ్మ నడుచుకుంటూనే వచ్చింది. ఆ నడక చూసి నాకు ఒళ్లు మండింది. వచ్చి మెషీన్ వంక కూడా చూడలేదు. ముందు నా భార్య మణికట్టు పట్టుకుని గోడ గడియారం చూస్తూ లెక్కపెట్టింది. "ఇది అమ్మదండీ, బిడ్డది కాదు" అని, బిళ్లని రెండంగుళాలు కిందికి జరిపి, ఇంకాస్త జెల్లు రాసి నొక్కింది. 142. గుర్రం మళ్లీ పరుగందుకుంది. నా చేతి వాచీ చూసుకుంటే నాది 126.

జరిగింది ఇంతే. ఆ బిళ్ల పంపేది శబ్ద తరంగాలు. కదిలే దేన్ని తాకినా అవి తేడాగా వెనక్కి వస్తాయి. బిడ్డ గుండె అని దానికి ప్రత్యేకంగా తెలీదు. బిడ్డ పక్కకి జరిగితే ఎదురుగా దొరికిన తల్లి రక్తనాళాన్ని పట్టుకుని ఆమె నాడినే అంకెగా చూపిస్తుంది. అందుకే అనుభవం ఉన్న నర్సు ముందు మణికట్టు పడుతుంది.

మగాడికి ఈ తొమ్మిది నెలల్లో ఒంటికి తెలిసేది ఏమీ లేదు. తన్నితే ఆమెకి తెలుస్తుంది, కడుపు గట్టిపడితే ఆమెకి తెలుస్తుంది. మన చేతికొచ్చేవి కాగితాలు. వాటి మీది అంకెలే మన వేవిళ్లు, మన నొప్పులు. చివరి నాలుగు వారాల్లో నేను ఫైలు తిరగేసినన్ని సార్లు పదో తరగతిలో పుస్తకం తిరగేయలేదు. అన్ని సార్లు చూసినా ఒక సంగతి ఆలస్యంగా తెలిసింది: ఈ పరీక్షలు చాలావరకు "బాగుంది" అన్నప్పుడు నమ్మదగ్గవి, "బాగాలేదు" అన్నప్పుడు అంతగా కావు. ఈ తేడా తెలియకపోతే ప్రతి కాగితమూ పిడుగే.

ఆ రాత్రి చేసినదాన్ని ఆస్పత్రుల్లో ఎన్ఎస్‌టీ అంటారు. నొప్పులు లేనప్పుడు, పొట్ట మీంచే బిడ్డ గుండె లయను కాసేపు గీతగా గీయించే పరీక్ష. ఈ గుండె గీతల యంత్రాలు 1960లలో తయారయ్యాయి. అమెరికాలో ఎడ్వర్డ్ హాన్, ఉరుగ్వేలో కాల్డేరో బార్సియా, జర్మనీలో కోన్రాడ్ హమ్మాకర్ ఎవరి దారిన వాళ్లు వాటి మీద పనిచేశారు. రెండు బిళ్లల్లో ఒకటి గుండెని వింటుంది, రెండోది కడుపు గట్టిపడటాన్ని పడుతుంది. బిడ్డ కదిలినప్పుడల్లా తల్లి బటన్ నొక్కుతుంది. మన దగ్గర కాగితం సాధారణంగా నిమిషానికి 1 సెంటీమీటరు చొప్పున బయటికొస్తుంది. అంటే 20 నిమిషాల పరీక్ష జానెడు కంటే కాస్త తక్కువ కాగితం.

ఆ జానెడులో చూసేవి మూడు. మొదటిది, గుండె నిమిషానికి 110 నుంచి 160 మధ్య కొట్టుకోవాలి. రెండోది, గీత తిన్నగా ఉండకూడదు. ఇక్కడే నాలాంటి వాళ్లు బోల్తా పడతారు. నాకు ఎగుడుదిగుళ్లు చూస్తే భయం వేసింది, డాక్టరుగారికేమో అవే కావాలి. గీత రంపం పళ్లలా 5 నుంచి 25 అంకెల మేర పైకీ కిందికీ ఆడుతుంటే బిడ్డ నాడీమండలం చురుగ్గా ఉన్నట్టు. స్కేలు పెట్టి గీసినట్టు నున్నగా సాగితేనే ఆలోచించాలి. మూడోది, మామూలు వేగం మీద కనీసం 15 పెరిగి కనీసం 15 సెకన్లు నిలిచే ఎగుడు 20 నిమిషాల్లో రెండుసార్లు రావాలి. బిడ్డ కదిలినప్పుడు గుండె వేగం పెరగాలి, మనం మెట్లెక్కితే పెరిగినట్టు. రెండూ వస్తే "రియాక్టివ్" అని రాసి సంతకం పెడతారు.

మాకు మొదటి 20 నిమిషాల్లో ఒక్కటే వచ్చింది. "ఇంకో ఇరవై పెడదాం" అంది సిస్టరమ్మ. నాకది తీర్పు వాయిదా పడ్డట్టు అనిపించింది కానీ, కారణం అతి మామూలుది. కడుపులో బిడ్డ నిద్రపోతుంది. ఒక్కో కునుకు 20 నుంచి 40 నిమిషాలు. నిద్రలో కదలదు, కదలకపోతే ఎగుళ్లు రావు. అందుకే పరీక్షను 40 నిమిషాల దాకా పొడిగిస్తారు. కొన్నిచోట్ల పొట్ట మీద చిన్న బజరు మోగించి లేపుతారు కూడా. మాకు ముప్పై మూడో నిమిషంలో రెండోది వచ్చింది.

ఇక అసలు లెక్క. గీత బాగుందని ఇంటికి పంపినవాళ్లలో, తరువాతి వారం రోజుల్లో బిడ్డ కడుపులోనే పోవడం 1,000కి 1.9 అని అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం తన మార్గదర్శకాల్లో చెబుతుంది. దీనికి తోడు ఉమ్మనీరు కూడా కొలిచి రెండూ బాగున్నాయంటే అది 0.8కి దిగుతుంది. పైగా ఈ పరీక్షలు ఎక్కువగా చేసేది ఏదో ఒక అనుమానం ఉన్నవాళ్లకే. అంటే "బాగుంది" అన్న మాట విని కంటినిండా నిద్రపోవచ్చు. అదే గీత బాగాలేదని వస్తే? అలా వచ్చినవాళ్లలో సగానికంటే ఎక్కువమందికి బిడ్డ నిక్షేపంగానే ఉంటుంది. నిద్ర, తల్లి వేసుకున్న మందు, బిళ్ల సరిగ్గా కుదరకపోవడం, ఏదైనా కావచ్చు. కాబట్టి బాగాలేని కాగితానికి మొదటి జవాబు మరో పరీక్ష. అప్పుడు మనం అడగాల్సింది ఒక్కటే: "దీన్ని రూఢి చేసుకోవడానికి తరువాత ఏం చేస్తారు?"

ఇంతకీ ఆ కాగితం వేడికి గీత పడే రకం, పాత బస్సు టికెట్టులాగా నెలల్లో వెలిసిపోతుంది. ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి.

ఉమ్మనీటి సంగతి చూద్దాం, ఎందుకంటే మా ఇంట్లో ఎక్కువ నిద్ర చెడగొట్టింది అదే. పొట్టను నాలుగు భాగాలు చేసి ఒక్కోదాంట్లో నీరు ఎంత లోతుగా ఉందో స్కానింగ్‌లో కొలిచి కలుపుతారు. మొత్తం 5 సెంటీమీటర్ల పైన, 25 లోపు ఉంటే మామూలే. మాకు 7.8 వచ్చింది. పోయిన నెల 12. "నీరు తగ్గిపోతోందట" అన్న వార్త సాయంత్రానికల్లా ఇంటి ముందు అత్తయ్యగారు తెప్పించిన కొబ్బరి బోండాల గెలగా మారింది. నిజానికి నెలలు నిండేకొద్దీ నీరు తగ్గడం సహజం. 5 దాటిన అంకెను కేవలం తగ్గిందన్న కారణానికి జబ్బు అనరు. కొలిచే పద్ధతి ఇంకొకటి ఉంది: నాలుగూ కలపకుండా, అన్నిటికంటే లోతైన ఒక్క చోటు చూసి అది 2 సెంటీమీటర్ల పైన ఉంటే చాలనుకోవడం. ఈ రెండింటినీ పోల్చిన అధ్యయనాల్లో తేలింది ఏమిటంటే, నాలుగు కలిపే పద్ధతిలో "నీరు తక్కువ" అని ఎక్కువమందికి ముద్ర పడుతుంది, నొప్పులు తెప్పించడాలూ ఎక్కువవుతాయి, బిడ్డలకు మాత్రం అదనంగా ఒరిగిందేమీ లేదు. తల్లి లీటరో రెండు లీటర్లో నీళ్లు తాగితే ఉమ్మనీరు కొంత పెరుగుతుందన్నదీ నిజమే. కాబట్టి బోండాలు వృథా పోలేదు, అత్తయ్యగారికి ఆ మేరకు మార్కులు.

అదే రిపోర్టులో బిడ్డ బరువు 2.6 కిలోలని ఉంది. స్కానింగ్‌లో తూకం వేయరు. తల చుట్టుకొలత, పొట్ట చుట్టుకొలత, తొడ ఎముక పొడవు కొలిచి సూత్రంలో వేస్తారు. తేడా 15 శాతం దాకా అటూ ఇటూ ఉండొచ్చు. అంటే 2.6 అన్నది 2.2 కావచ్చు, 3.0 కావచ్చు. కూరగాయల బండి వాడు ఇలా తూస్తే ఒప్పుకుంటామా? కానీ ఇక్కడ ఒప్పుకోక తప్పదు. ఒక్క అంకె కంటే, రెండు మూడు వారాల తేడాతో తీసిన రెండు అంకెల మధ్య ఎదుగుదలే ఎక్కువ చెబుతుంది.

చివరి లైనులో ఇంకొకటి: మెడ చుట్టూ పేగు, ఒక చుట్టు. ఇది చదివిన మరుక్షణం ఇంట్లో నిశ్శబ్దం. మా బావమరిది ముఖం పాలిపోయింది. తెలుగువాళ్లకి కారణం చెప్పక్కర్లేదు. పేగు మెడలో వేసుకుని పుడితే మేనమామకి గండమని, బిడ్డ ముఖాన్ని ముందు నూనెలో చూడాలని మన నమ్మకం. లెక్కకొస్తే, పుట్టే ప్రతి 100 మందిలో సుమారు 20 నుంచి 30 మంది బొడ్డుతాడు మెడకి చుట్టుకునే పుడతారు. అది నిజంగా మేనమామలకి ముప్పే అయితే, నలుగురు మేనల్లుళ్లున్న ప్రతివాడూ ఒకసారైనా పోయి ఉండాలి! బిడ్డ గాలి పీల్చేది మెడలోంచి కాదు, ప్రాణవాయువు వచ్చేది ఆ తాడులోంచే. తాడు చుట్టూ జిగురు పొర ఉంటుంది, మామూలుగా అది నొక్కుకుపోదు. చుట్టు వదులుగా ఉంటే తల బయటికి రాగానే డాక్టరు వేలితో తప్పించేస్తారు. ఆ ఒక్క లైను చూపించి వెంటనే ఆపరేషన్ అంటే మాత్రం ఎందుకని అడగొచ్చు.

తారీఖుల దగ్గర మా ఇంట్లో రెండు పంచాంగాలు నడిచాయి. డాక్టరుగారి లెక్క జర్మనీకి చెందిన నేగెలె అన్న వైద్యుడి పేరుతో రెండు శతాబ్దాలుగా నడుస్తున్నది. చివరి నెలసరి మొదటి రోజుకి తొమ్మిది నెలలు, 7 రోజులు కలపాలి. మాకు జనవరి 10, కాబట్టి అక్టోబర్ 17. మొత్తం 280 రోజులు. అత్తయ్యగారి లెక్క తొమ్మిది నెలల తొమ్మిది రోజులు, అంటే 19. రెండు రోజులే తేడా, ఆవిడ మెషీన్ ఏదీ పెట్టలేదు. తమాషా ఏమిటంటే, ఇచ్చిన తారీఖునే పుట్టే పిల్లలు 100కి 4, 5 మందే. అది స్టేషనుకి బండి వచ్చే టైము కాదు. 37 వారాల నుంచి 42 లోపు ఎప్పుడైనా రావచ్చని చెప్పడానికి మధ్యలో పాతిన రాయి.

ఆ రాయి దగ్గరే ముహూర్తాలు మొదలవుతాయి. "పన్నెండో తారీఖు నక్షత్రం దివ్యంగా ఉందటరా" అని మా నాన్న ఫోను. డాక్టరుగారు కూడా ఒక సందర్భంలో, భోజనం అయిందా అన్నంత మామూలుగా, "ముహూర్తం ఏదైనా చూసుకున్నారా?" అని అడిగారు. అడగడంలో ఆవిడ తప్పు లేదు, అడిగేవాళ్లు అంతమంది ఉన్నారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం సిజేరియన్లు దేశం మొత్తం మీద 21.5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 42.4, తెలంగాణలో 60.7. ప్రైవేటు ఆస్పత్రులు మాత్రమే తీసుకుంటే ఆంధ్రలో 63, తెలంగాణలో 81.5. అంటే తెలంగాణలో ప్రైవేటు గడప తొక్కిన ప్రతి ఐదుగురిలో నలుగురు కోత పడే బయటికొచ్చారు. జనాభా మొత్తం మీద సిజేరియన్లు 10 శాతం దాటాక తల్లీబిడ్డల మరణాలు అదనంగా తగ్గిన దాఖలా కనిపించదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది.

అలాగని ఆస్పత్రులనే ఆడిపోసుకోవడం అన్యాయం. ఈ రెండు రాష్ట్రాల్లో నూటికి 96, 97 కాన్పులు ఆస్పత్రుల్లోనే జరుగుతున్నాయి. 2018-20 లెక్కల్లో లక్ష జననాలకు తల్లుల మరణాలు దేశంలో 97 అయితే ఆంధ్రలో 45, తెలంగాణలో 43. మా నాయనమ్మ కాలంలో పురిటి గదిలోకి వెళ్లిన ఆడది తిరిగొస్తుందో లేదో ఎవరూ పందెం కాసేవాళ్లు కాదు. అవసరానికి చేసిన కోత ప్రాణం పోస్తుంది. నా గొడవ నక్షత్రం కోసం చేసే కోతతోనే. అది కూడా తారీఖుని బట్టి ఉంటుంది. అంతకుముందు సిజేరియన్ అయిన తల్లులకు నొప్పులు రాకముందే మళ్లీ చేసిన 13 వేల పైచిలుకు ఆపరేషన్లను అమెరికాలో పరిశీలించి 2009లో ప్రచురించారు. ఊపిరి తిప్పలు, ఇన్ఫెక్షన్లు లాంటి ఇబ్బందులు 37వ వారంలో తీసిన పిల్లల్లో 15.3 శాతం, 38లో 11, 39లో 8. రెండు వారాలు ఆగితే కష్టం దాదాపు సగమైంది. నాన్న చెప్పిన 12 మా లెక్కలో 39 వారాలు దాటిన తేదీయే, ఆ మాటకొస్తే పెద్ద ప్రమాదం లేదు. అయినా వద్దంది మా ఆవిడ. "నక్షత్రం దాని ఇష్టం" అంది, పొట్ట మీద చెయ్యేసుకుని.

మరి ఆగితే? ఇక్కడ ఇంకో రకం అంకె భయపెడుతుంది. 40 వారాలు దాటి 41కి వెళితే బిడ్డ కడుపులో పోయే ప్రమాదం 64 శాతం పెరుగుతుందని చదివి, అక్టోబర్ 17 దాటిన రాత్రి నేను మేడ మీద పచార్లు చేశాను. ఆ 64 వచ్చింది కోటిన్నర గర్భాల లెక్కలు కలిపి 2019లో వేసిన అధ్యయనం నుంచి. అదే అధ్యయనం ఇంకో రకంగా కూడా చెబుతుంది: 41వ వారం దాకా ఆగడం వల్ల 1,449 గర్భాలకు అదనంగా ఒక్క బిడ్డ. రెండూ నిజమే. మొదటిది వింటే ఆ రాత్రే ఆపరేషన్ కావాలనిపిస్తుంది, రెండోది వింటే కూర్చుని డాక్టరుతో మాట్లాడాలనిపిస్తుంది. ఆ ఒక్కటి మనదే అయితే అన్న ప్రశ్నకి ఏ శాతమూ జవాబు చెప్పదు కాబట్టే, 41 వారాలు నిండితే నొప్పులు తెప్పించమని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. మా డాక్టరుగారు 23 రాత్రికి చేరమన్నారు.

మంగళవారం దగ్గరికి మళ్లీ రావాలి. అసలు మేమా రాత్రి ఆస్పత్రికి ఎందుకెళ్లామో చెప్పలేదు.

ఆ రోజు మధ్యాహ్నం నుంచి కదలికలు తగ్గాయంది. అత్తయ్యగారు "నెలలు నిండాక అంతేనమ్మా, చోటుండదు కదా" అన్నారు. నేను ఇంకో అడుగు ముందుకేశాను. ఆన్‌లైన్లో కొన్న చిన్న డాప్లర్ ఉంది నా దగ్గర, ఇంట్లోనే గుండె చప్పుడు వినడానికి. పొట్ట మీద పెట్టి, అటూ ఇటూ వెతికి, "వినిపిస్తోంది, బాగానే ఉంది" అని గర్వంగా చెప్పాను. ఆమె ఒక గంట ఊరుకుంది. తరువాత చీర మార్చుకుని వచ్చి, "నువ్వు విన్నదేంటో నాకు తెలీదు. నాకు మాత్రం రోజూలా లేదు. వెళదాం" అంది.

సిస్టరమ్మ మణికట్టు పట్టుకున్న క్షణంలో నాకు తట్టింది ఇదే. సాయంత్రం నేను విన్నది ఎవరి గుండె? ఇప్పటికీ తెలీదు. ఆస్పత్రి మెషీనే పొరబడినప్పుడు నా చేతిలో బొమ్మ ఎంత? ఒకవేళ బిడ్డదే అయినా, గుండె కొట్టుకుంటోందన్న ఒక్క సంగతి బిడ్డ కులాసాగా ఉందని చెప్పదు. లయ, ఎగుళ్లు, రంపం పళ్లు అన్నీ చూస్తేనే తెలుస్తుంది. ఆ పరికరం మర్నాడే అటక మీదికి పోయింది.

చోటు లేక కదలడం తగ్గుతుందన్నది పెద్దవాళ్ల మాటే గానీ నిజం కాదు. పెద్ద తన్నులు తగ్గి దొర్లడాలు, మెలికలు ఎక్కువ కావచ్చు, మొత్తం మీద కదలికలు మాత్రం పురుడు దాకా ఉంటాయి. లెక్కపెట్టడానికి పద్ధతులు ఒకటి కాదు. కార్డిఫ్ పద్ధతిలో 12 గంటల్లో 10 కదలికలు. అమెరికన్లు ఒత్తిగిలి పడుకుని 2 గంటల్లో 10 అంటారు. చిత్రమేమిటంటే, లెక్కపెట్టినా ఇంత లాభమని గట్టిగా తేలలేదు. బ్రిటన్, ఐర్లండ్‌లలో 4 లక్షలకు పైగా గర్భాలతో జరిగిన ఒక పరిశీలన 2018లో వచ్చింది. కదలికల మీద తల్లులను ప్రత్యేకంగా అప్రమత్తం చేసి, తగ్గాయనగానే ఒక పద్ధతి ప్రకారం పరీక్షలు చేస్తే, కడుపులో పోయే బిడ్డలు 1,000కి 4.40 నుంచి 4.06 అయ్యారు. ఆ తేడా యాదృచ్ఛికమూ కావచ్చు. సిజేరియన్లు, నొప్పులు తెప్పించడాలు మాత్రం పెరిగాయి. అందుకే ఇప్పుడు వైద్యులు ఒక అంకె ఇవ్వడం కంటే, ఆ తల్లికి అలవాటైన తీరు మారిందా అని అడుగుతారు. పది వచ్చాయా అని నేను అడుగుతుంటే, రోజూలా లేదని ఆమె చెప్పింది. ఆ రాత్రి సరైన కొలత ఆమెదే.

తీరు మారితే తెల్లారేదాకా ఆగకూడదు, చక్కెర నీళ్లు తాగి చూద్దామనుకోకూడదు. రక్తం కనిపించినా, ఉమ్మనీరు కారినా, బీపీ 140/90కి చేరినా, విడవని తలనొప్పితో చూపు మసకబారినా అంతే, 108కి ఫోను చేసేయడమే. 28 వారాలు దాటాక వెల్లకిలా నిద్రకు ఉపక్రమించడం కూడా మంచిది కాదు. ఆ అలవాటున్న వాళ్లలో బిడ్డ కడుపులో పోయే అవకాశం సుమారు 2.6 రెట్లు ఎక్కువని 2019లో వచ్చిన అధ్యయనం లెక్క. ఏ పక్కకైనా సరే, ఒత్తిగిలి పడుకోవాలి. మధ్యలో మెలకువ వచ్చి వెల్లకిలా ఉన్నట్టు గమనిస్తే కంగారేం లేదు, మళ్లీ పక్కకి తిరిగితే చాలు.

అక్టోబర్ 20 తెల్లవారుజామున నొప్పులు వాటంతట అవే వచ్చాయి. 40 వారాల 3 రోజులు. లేబర్ రూములోకి మగవాళ్లని రానివ్వం అన్నారు, అత్తయ్యగారు లోపలికి వెళ్లారు. నేను బయట ఇనప కుర్చీలో. తలుపు తెరుచుకున్నప్పుడల్లా లోపలి గుర్రం చప్పుడు వరండాలోకి వచ్చి, మూసుకోగానే తెగిపోయేది. తొమ్మిదింటికి "పేషంట్ తాలూకు ఎవరండీ?" అని కేక. ఆడపిల్ల, 2.9 కిలోలు. "పేగు ఉందా?" అనడిగాను. "ఒక చుట్టు ఉంది, తీసేశాం లెండి" అంది సిస్టరమ్మ, అదే నడకతో వెనక్కి వెళుతూ.

ఇరవయ్యొకటో రోజు బారసాల. కంచు గిన్నెలో నువ్వుల నూనె పోసి, బిడ్డని ఎత్తి పట్టుకుని, బావమరిదిని కళ్లు మూసుకుని రమ్మన్నారు. మేనమామ ముందు నీడ చూడాలి, ఆ తరువాతే ముఖం. వాడు వంగి నూనెలోకి తొంగిచూసి, అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు "అబ్బ, అచ్చం అక్కలాగే ఉందే" అన్నాడు. అత్తయ్యగారు మెటికలు విరిచారు. పుట్టిన ఐదో నిమిషంలో నేను వాడికి వాట్సాప్‌లో ఫొటో పంపిన సంగతి మా ఇద్దరికే తెలుసు.